నవ్వమంటే చెట్టు పీకినారు

ఆ పొద్దున త్రివేణి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఏడు గంటల బస్సుకు మామ ఊరికి పోవాలి, పచ్చటి చేలో తన క్లాసు ప్రసూన చేత ఆడించాలి, ఊరివాళ్లు నాలుగు నవ్వులు నవ్వితే తీసుకోవాలి, సాయంత్రానికి అనంతపురం వచ్చి ఎడిటింగుకు కూర్చోవాలి, మర్నాడు పదిగంటలకు క్లాసులో చూపించాలి. మొత్తం మూడు నిమిషాల పాట. ‘పల్లె సంబరం’ అని పేరు కూడా నోటుపుస్తకంలో పువ్వులు వేసి మరీ రాసుకుంది. ఇంతకంటే సులువైన పని ఉంటుందా అనుకుంది, పాపం.

సులువు కాకపోతే ఆమెకు వేరే గతి లేదు. మీడియా కోర్సులో ఈ ఒక్క పేపరు అప్పటికే రెండుసార్లు తప్పింది. మూడోసారి కూడా తప్పితే చదువు చాలించి రాయదుర్గంలో చిన్నాయన నడిపే జీన్స్ యూనిట్‌లో జిప్పులు కుట్టే మిషను మీద కూర్చోమని నాయన ఖండితంగా చెప్పేశాడు. చెప్పి ఊరుకున్నాడా? చిన్నాయనకు ఫోన్ చేసి ఒక మిషను ఖాళీగా పెట్టించాడు కూడా. కళ్లు మూసుకుంటే త్రివేణికి జిప్పులే కనిపిస్తున్నాయి.

పేపరు చెప్పే శ్రీనివాసులు సారుది ఒకటే పట్టు. “ఇరవై ఏండ్లుగా చూస్తాండా. ఏ బ్యాచ్‌ని పంపినా కరువే పట్టుకొస్తారు. ఎండిన చెట్టు, ఏడ్చే ముసలామె, పైన ఆకాశం. ఏం, మనోళ్లకు నవ్వేది రాదా? ఈసారి కరువు తెచ్చినోళ్లకు సున్నా. మళ్లా నన్ను అనుకోవద్దు, సున్నా!” అని బల్ల గుద్దాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన తల వెనక గోడ మీద, ఆయన ఇదే కాలేజీలో చదివే రోజుల్లో బహుమతి తెచ్చిన ఫోటో వేలాడుతూనే ఉంది. ఎండిన వేరుశెనక్కాయ చెట్టు పట్టుకున్న ఒక చెయ్యి, ఆ చేతి మీద తేలు పచ్చబొట్టు, ఆకాశంవైపు ఎత్తిన గడ్డం తప్ప అందులో ఇంకేమీ కనిపించవు. సారు తీస్తే కళ, మనం తీస్తే సున్నా అని కేశవ గొణిగాడు గానీ, గొణుగుళ్లకు మార్కులుండవు కదా.

ఈ కేశవే కెమెరామన్. పద్నాలుగు జేబులున్న ఖాకీ చొక్కా, నల్ల కళ్లద్దాలు, చెవుల్లో ఎప్పుడూ పాట. కొత్తచెరువు బస్సు దిగి, ఆటో ఎక్కి, ముగ్గురూ సింగమానుపల్లి చేరేసరికి తొమ్మిదైంది. ఆ ఏడు వానలు అడక్కుండానే వచ్చాయి. ఎటు చూసినా పచ్చటి శెనక్కాయ చేలు. త్రివేణికి కడుపు నిండిపోయింది. మామ అంజినప్ప ఎదురొచ్చి, “రా అమ్మీ, చేనంతా నీదే, యాడైనా తీసుకో” అని నోరంతా తెరిచి నవ్వాడు. ఆ నవ్వే కావాలి ఆమెకు.

“మామా, ఇట్లే నవ్వుతా ఉండు. కేశవా, పెట్టు!”

కేశవ కెమెరా నిలబెట్టాడు. ఎర్ర లైటు వెలిగింది. మామ ముఖంలో నవ్వు ఎవరో గుంజుకున్నట్టు పోయింది. చటుక్కున వంగి, పక్కనున్న శెనక్కాయ చెట్టును వేళ్లతో సహా పీకి, రొమ్ముకు ఆనించి పట్టుకుని, ఆకాశంవైపు చూశాడు.

“మామా! ఏంది అది?”

“ఏందంటావేమి? కెమెరా కదా.”

“నవ్వు మామా, నవ్వు! చెట్టు ఎందుకు పీకినావు?”

“నేను పీకలేదమ్మీ, చెయ్యే పోయింది” అన్నాడు మామ చెట్టువంక జాలిగా చూస్తూ. “ఇన్నేండ్లుగా వచ్చిన పతి కెమెరావాడూ ఇదే చెయ్యమన్యాడు. నవ్వమని ఒక్కడన్నా అడిగినాడా మమ్మల్ని?”

రెండోసారి తీశారు. రెండో చెట్టు పోయింది. మూడోసారి చేతులు వెనక్కి కట్టుకోమన్నారు. చేతులు కట్టుకున్నాడు గానీ కళ్లు మాత్రం ఆకాశానికే పోయాయి. ఈలోగా చేలో కెమెరా నిలబడిందన్న కబురు ఊరంతా పాకింది. పదినిమిషాల్లో తిరుపాలమ్మ అవ్వ వచ్చి గట్టు మీద చెంపకు చెయ్యి ఆనించి కూర్చుంది. అవ్వకు డెబ్బై దాటాయి. ఇప్పటికి తొమ్మిదిసార్లు టీవీలో వచ్చింది. కంటి నీళ్లు ఏ కంట్లో ముందు రావాలంటే ఆ కంట్లో తెప్పించగలదని ఊళ్లో పేరు.

“ఏ టీవీ పాపా మీది? యాడ కూర్చోమంటావు? ఎండ నా మొగం మీద పడల్లనా, వీపు మీదనా?”

“అవ్వా, మేము పాటకు వచ్చినాము. సంతోషంగా ఉండల్ల.”

“ఉంటాలేమ్మా. ముందు ఏడుపు పడనీ” అని అవ్వ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అంతటితో ఆగిందా? అవ్వకు చూస్తూ ఊరుకునే అలవాటు లేదు. వచ్చినవాళ్లనల్లా వరుసలో పెట్టేసింది. “ఒరే, ఆ తెల్లచొక్కా ఇప్పి చినిగింది ఏసుకోని రాపో. మేయ్, బిందె నిండుగా ఉందే, ఒంపేయ్! నిండు బిందెతో కరువు ఎట్ల పడతాది?” ఆరోజు కుళాయి బాగా వస్తోంది. పాపం, ఆడవాళ్లు పట్టుకున్న నీళ్లు ఒంపుకుని మరీ ఖాళీ బిందెలు వరుసగా పెట్టారు. మధ్యలో ప్రసూన గాగ్రా తిప్పుతూ ఎగురుతోంది. చుట్టూ అరవైమంది గడ్డాలకు చేతులు పెట్టుకుని ఆమెనే దిగులుగా చూస్తున్నారు.

అప్పుడు హనుమంతప్ప అనే రైతు వచ్చి త్రివేణి చెయ్యి పట్టుకున్నాడు. “పచ్చని చేలో కరువేమి తీస్తారు పాపా, నా దాని కాడికి రాండి” అని రోడ్డు పక్కకు తీసుకుపోయాడు. అక్కడ అరెకరం నేల గడ్డిపోచ లేకుండా నెర్రెలు విచ్చి ఉంది.

“ఇంత వాన పడితే ఇదొక్కటీ ఎందుకెండింది అన్నా?”

“ఎండలేదు, ఎండబెట్టుకున్యా” అన్నాడు హనుమంతప్ప గర్వంగా. “ఒక ఏడు ఊరంతా మాడిపోయింటే, కరువు చూసే టీము కారులో వచ్చింది. రోడ్డు పక్కన నా బోరు కింద నాలుగు మళ్లు పచ్చగా ఉండె. అద్దంలోనుంచి అదే చూసి, బాగుండాదే అని తిరుక్కోని పోయినారు. ఊరంతా నన్ను తిట్టింది. ఆ పొద్దునుంచి ఈ అరెకరం సాగు చెయ్యను, మొలిచిన గడ్డి పీకేస్తా, వాననీళ్లు నిలవనియ్యను. వచ్చినోళ్లు దిగేది ఈడే కదా.” కేశవను పిలిపించి ఆ నెర్రెలు తీయించేదాకా ఆయన వదల్లేదు.

కరువు టీము దిగిందన్న కబురు ఎవరు చేరవేశారో గానీ, పదకొండు గంటలకు వ్యవసాయ సహాయకుడు ఇమ్మానుయేల్ బండి మీద ఫైళ్లతో వచ్చి పడ్డాడు. తనకు చెప్పకుండా ఢిల్లీవాళ్లు వచ్చేశారని ఆయనకు ఒళ్లంతా చెమట. పద్నాలుగు జేబుల చొక్కా, నల్ల కళ్లద్దాలు కనిపించగానే నేరుగా కేశవ ముందుకు పోయి చేతులు కట్టుకున్నాడు. కేశవ చెవుల్లో పాట మోగుతోంది. దరువుకు తల ఊపుతున్నాడు.

“సార్, నష్టం నూటికి యాభై అని రాసుకోమంటారా?”

కేశవ తల ఊపాడు.

“డెబ్బై అంటారా సార్?”

దరువు జోరందుకుంది. కేశవ ఇంకా గట్టిగా ఊపాడు.

“నూటికి నూరా!” అంటూ ఇమ్మానుయేల్ గబగబా రాసేసుకున్నాడు. మోకాలిలోతు పచ్చటి చేనులో నిలబడి రాసుకున్నాడు మహానుభావుడు. రాసి, పై ఆఫీసుకు చెబుదామని ఫోన్ తీశాడు.

ఇక త్రివేణికి తట్టుకోవడం వల్ల కాలేదు. “అయ్యో నిలపండన్నా! మేము టీము కాదు, టీవీ కాదు! కాలేజీ పిల్లలం! పాట తీసేకి వచ్చినాము. రేపు మీరు నవ్వేది చూపించకపోతే నేను సావాల్సిందే, జిప్పులు కుట్టి సావాల్సిందే!” అని అరిచి గట్టు మీద కూలబడి భోరున ఏడ్చింది. పొద్దుటినుంచి ఆ చేలో కారిన కన్నీళ్లలో నిజమైనవి అవే.

ఇమ్మానుయేల్ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సాక్సులో దోపుకుని, బండి స్టార్టు చేసి, కనిపించకుండా పోయాడు. ఊరికి మాత్రం పాప మీద జాలి కలిగింది. నవ్వుదాం పట్టండి అని అందరూ వరుసగా నిలబడ్డారు. లైటు వెలగనంతసేపూ పళ్లన్నీ కనిపించేలా నవ్వారు. లైటు వెలగ్గానే అరవై ముఖాలూ ఒక్కసారి వాలిపోయాయి, మామ చెయ్యి మళ్లీ చెట్టు మీదికి పోయింది. ఇట్లా ఎన్నిసార్లో. పొద్దు వాలేసరికి చేలో ఒక వరుస దాదాపు ఖాళీ అయింది.

“చాలు, కట్టెయ్” అంది త్రివేణి. కేశవ విసుగ్గా కెమెరాను గట్టు మీద పడేశాడు. పీకిన చెట్ల కాయలు వృథా ఎందుకని ఆడవాళ్లు అప్పటికే ఉడకబెట్టారు. తిరుపాలమ్మ గంప ముందు పెట్టుకుని ఏదో పాత సంగతి ఎత్తుకుంది. త్రివేణి ఒక్కతే ఆటో కోసం రోడ్డెక్కింది. వెనకనుంచి ఊరు ఊరంతా పగలబడి నవ్వడం వినిపించింది. ఇప్పుడు నవ్వుతారా, కెమెరా కట్టేసినాక! అని ఆమెకు కడుపు మండిపోయింది.

ఇంటికి వచ్చి ఉన్న క్లిప్పులన్నీ కంప్యూటర్లో పోసుకుంది. ఏది చూసినా ఏడుపే. చేసేది లేక హుషారైన డప్పు పాటకు ఆ ఏడుపులనే దరువు ప్రకారం కోసి అతికించింది. డండక అంటే చెట్టు పీకుడు, డనక అంటే చెంగు నోట్లో. మూడు నిమిషాలు నిండాక, వెనక మిగిలిన ఒక క్లిప్పును తెరిచి చూడాలని గానీ, తీసేయాలని గానీ తోచలేదు. ఆ నిద్రమత్తులో అట్లాగే ఫైలు చేసి తీసుకుపోయింది.

మర్నాడు క్లాసులో లైట్లు ఆర్పారు. పాట మొదలైంది. పిల్లలు నోళ్లు మూసుకుని కిసకిసలాడారు. శ్రీనివాసులు సారు మాత్రం నవ్వలేదు. ఎండిన అరెకరం రాగానే పెన్ను మూత తీశాడు. త్రివేణి పేరు ఎదురుగా సున్నా గీయడం మొదలుపెట్టాడు. ముందు వరుసలో కూర్చున్న త్రివేణికి ఆ పెన్ను తిరగడం స్పష్టంగా కనిపించింది. అయిపాయ, రేపు రాయదుర్గం బస్సే అనుకుంది.

సున్నా సగం తిరిగేసరికి పాట అయిపోయింది. బొమ్మ మాత్రం ఆగలేదు. తెరమీద లోకం అడ్డంగా పడుకుంది. కేశవ గట్టు మీద పడేసిన కెమెరా, ఆపడం మరిచిపోయిన కెమెరా, ఎర్ర లైటు గడ్డి చాటున పడి ఎవరికీ కనిపించని కెమెరా. అందులో గంప, గంప చుట్టూ ఊరు, మధ్యలో కాయలు ఒలుస్తూ తిరుపాలమ్మ. ఆమె చేతి మీద తేలు పచ్చబొట్టు.

“మొట్టమొదట ఈ ఊరికి కెమెరా తెచ్చినోడు కూడా కాలేజీ పిల్లోడేమ్మా. శ్రీనివాసులు అని, గడ్డం కింద ఇంత పుట్టుమచ్చ. మూడు దినాలు మా ఇంట్లోనే తిన్యాడు. నేనేమో ఊరికే నవ్వుతాంటి. అవ్వా, నవ్వద్దు, నవ్వితే బహుమానం రాదు అనె. ఈ చెట్టు పీకి పట్టుకో, ఆకాశం చూడు, నేను చెప్పేదంకా మెడ దించద్దు అనె. చెప్పేది మర్సిపోయి బీడీ తాగేకి పాయ నా బట్ట! పొద్దు మునిగేదంకా అట్లే నిలబడితి. వారం దినాలు మెడ తిరగల్యా. బర్రె పోతాంటే నేను గూడా దాని మాదిరే మొత్తం తిరిగి చూస్తాంటి!” అని అవ్వ లేచి తిరిగి చూపించింది. ఊరు పొట్టలు పట్టుకుంది. మామ నవ్వి నవ్వి గట్టు కిందికి దొర్లాడు. హనుమంతప్పకు కాయ గొంతులో అడ్డంపడితే ప్రసూన వీపు మీద గుద్దింది. “ఫోటో తెచ్చిస్తా అవ్వా అని పోయినాడు. ఇరవై రెండేండ్లాయ. వాని కోసరం గూడా ఆకాశమే చూస్తాండా!”

మళ్లీ నవ్వులు. బొమ్మ ఆగింది. ఎవరో లైటు వేశారు. నలభైమంది పిల్లలూ గోడ మీది ఫోటోను చూశారు. తర్వాత సారు గడ్డం కిందికి చూశారు. సారు చెయ్యి అప్పటికే అక్కడికి పోయి పుట్టుమచ్చను మూసేసింది.

“మొదటి మూడు నిమిషాలు తీసెయ్ త్రివేణీ” అన్నాడు సారు చివరికి, గొంతు సవరించుకుని. “కడాకు ఉండేది చాలు. నేను అడిగింది అదే.” సగం గీసిన సున్నాకు పైన తోక తగిలించి ఆరు చేశాడు. పక్కన ఐదు వేశాడు. త్రివేణి ఆ అరవై ఐదును ఫోటో తీసి నాయనకు పంపి, మిషను వేరేవాళ్లకు ఇచ్చెయ్యమని చిన్నాయనకు తనే ఫోన్ చేసింది.

ఆదివారం సారు గోడ మీది ఫోటో దించి, పేపరులో చుట్టుకుని, వాళ్ల వెంట సింగమానుపల్లి వచ్చాడు. చేలో అవ్వకు రెండు చేతులా అందించి, “తప్పయిపాయ అవ్వా” అన్నాడు. నిజంగానే ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. అవ్వ ఫోటోను కిందా మీదా తిప్పి చూసింది.

“ఇంత సేపు నిలబెట్టినావు, మొగమే పడల్యా కదప్పా!”

ఊరంతా గొల్లుమంది. ఈసారైనా సారూ అవ్వా నవ్వుతున్న బొమ్మ ఒకటి పట్టాలని కేశవ గబగబా కెమెరా ఎత్తాడు. ఎర్ర లైటు వెలిగింది. సారు చటుక్కున వంగి, శెనక్కాయ చెట్టు ఒకటి పీకి, రొమ్ముకు ఆనించుకుని, ఆకాశంవైపు చూశాడు.

ఆ వరుసలో మిగిలింది అదొక్కటేనని అంజినప్ప మామ ఎవరితోనూ అనలేదు.