పదిహేడో నంబరు దవడ

ఆ ఉదయం యువ వైద్యురాలి ప్రణాళిక చాలా చిన్నది. పదకొండింటికల్లా తన పరిశోధన పత్రం మీద ప్రొఫెసరు చేత సంతకం పెట్టించుకోవాలి, అంతే. కీళ్లవాతం దవడ కీలుకు పాకితే ముందుగా పసిగట్టేది ఎక్స్‌రేనా, సీటీనా, ఎంఆర్ఐనా అని మూడేళ్లుగా పోల్చి చూస్తోంది. ఎంఆర్ఐయేనని ఆమెకు తేలిపోయింది, ప్రొఫెసరుగారికే తేలలేదు. "ఎక్స్‌రేలో కనబడని జబ్బు జబ్బేనా?" అనేది ఆయన పాత పాట.

చివరి ఫిల్ములు ఆయనే చదవాలి. ఎవరివో తెలియకుండా పేర్ల మీద కాగితాలు అంటించి నంబర్లు వేశారు. ఏ నంబరు ఎవరిదో రాసిన జాబితా టెక్నీషియన్ సొరుగులో భద్రంగా ఉంది. పోలిక కోసం ఏ జబ్బూ లేనివాళ్ల ఫిల్ములూ కావాలి కదా! మనుషులు దొరక్క ఆమే యంత్రంలో పడుకుంది, ప్రొఫెసరునీ బతిమాలి పడుకోబెట్టింది.

ఆయన బిగుసుకుపోయిన వేళ్లు నలుపుకుంటూ, "రోజూ పొద్దున్నే ఇదో గోల, రాత ఎక్కువైంది" అని గొణిగి, ఫిల్ము ఎత్తారు. "పదిహేడు. ఎక్స్‌రే శుభ్రం. సీటీ శుభ్రం. ఎంఆర్ఐలో మాత్రం రెండు కీళ్లలోనూ వాపట! ఈ ఎంఆర్ఐకన్నీ అనుమానాలే. కొట్టెయ్యమ్మా."

యంత్రంలో పడుకున్న రోజు ఆమె చేతికిచ్చిన చీటీ మీద ఉన్నది పదిహేడే. వాపు నిజమైతే దవడ పోతుంది, అబద్ధమైతే పరిశోధన పోతుంది.

"ఒక్క గంట ఆగండి సార్," అంది, అప్పుడే నొప్పి మొదలైన చెంప పట్టుకుని. వరండాలోకి పరిగెత్తి భర్తకు ఫోన్ చేసింది. "ఏవండీ, నాకు నోరు తెరవాలంటే భయంగా ఉందండీ."

భర్త ఆ మాట తల్లి చెవిన వేశాడు. అరగంటలో అత్తగారు ఉన్ని మఫ్లరుతో దిగింది. "నోరు కదపకమ్మాయ్, కీలు అరిగిపోతుంది!" అంటూ గడ్డం కింది నుంచి నడినెత్తి దాకా బిగించి కట్టేసింది. కోడలు ఎదురు చెప్పలేని రోజు కోసం ఆమె ఎన్నాళ్లుగా చూస్తోందో గానీ, ముడి గట్టిగా పడింది.

పదకొండయింది. "పదిహేడు ఎందుకు కొట్టెయ్యకూడదో చెప్పు," అన్నారు ప్రొఫెసరు.

"ఊఁ... ఊఁ..."

"ఒప్పుకున్నావన్నమాట!" అని ఆయన ఎర్ర పెన్ను తీశారు.

మూడేళ్ల కష్టం కళ్లముందే గీత కిందకి పోబోతోంది. ఆమె ఏడుస్తూ మఫ్లరు లాగేసింది. "పదిహేడు నాదే సార్! వాపు నిజమే, నొప్పి కూడా ఉంది!"

టెక్నీషియన్ కంగారుగా జాబితా తెచ్చాడు. "మీది తొమ్మిది మేడమ్, శుభ్రంగా ఉంది. ఆ చీటీ మీద ఉన్నది ఆ రోజు వరస నంబరు."

ఆమె నొప్పి చిటికెలో మాయమైంది. "మరి పదిహేడు ఎవరిది?"

అతను నసిగాడు. "సార్‌దేనండి."

ప్రొఫెసరు తన వేళ్లకేసి చూసుకున్నారు. "నమిలేటప్పుడు టక్కుమంటుంటే పళ్లనుకున్నాను," అన్నారు మెల్లగా.

ఆమెకు ఆయన మీద నిజంగా జాలి వేసింది. "తొలిదశలోనే దొరికింది సార్. మందులకు లొంగుతుంది."

ఆయన ఎర్ర పెన్ను పక్కన పెట్టి, నల్ల పెన్నుతో సంతకం చేశారు. అత్తగారు మఫ్లరు దులిపి ఆయన వెనక నిలబడింది.

ఎక్స్‌రే గురించి ఆ తర్వాత ఆయన ఏదో అన్నారు గానీ, ముడి గట్టిగా పడటం వల్ల ఎవరికీ అర్థం కాలేదు.