హీరాలాల్ మాస్టారి ఏకశ్వాస విజయం

గోదావరీ శీతలపవనాలు టేకువనాలు దాటి వచ్చి పత్తిచేల మీద అలసి వాలే సీమలో, జూలూరుపాడుకు కూతవేటు దూరాన ఉన్న తండాలో, రెండువేల అయిదవ సంవత్సరపు మాఘమాసాన, కోళ్లు కూసి కూసి విసిగిన ఒక ఆదివారం ఉదయాన జరిగిన మహాసంగ్రామాన్ని చెవులొగ్గి వినండి.

ఆ సంగ్రామ నాయకుడు హైస్కూలు డ్రిల్లు మాస్టారు హీరాలాల్. సింహగర్జనా ధురంధరుడైన ఆయన ‘అటెన్షన్’ అంటే బడి పక్క చేలోని ఎడ్లు సైతం బిగుసుకుని నిలబడేవి. బడికి భూషణమైన ఆ కంఠమే ఇంటికి శాపమైంది. చారులో ఉప్పు తగ్గినా, చెప్పు కనబడకపోయినా పెంకులు అదిరేవి. చివరికి ఆయన ధర్మపత్ని కమ్లి, శాంతగంభీర స్వరంతో, “ఇంకొక్కసారి అరిచినవంటే పినపాకల మా అవ్వకాడికి పోత. మళ్ల రాను,” అని శాసించింది.

మాస్టారి వజ్రహృదయం కంపించింది. కోపశమనార్థం ఖమ్మం బస్టాండులో బౌద్ధధ్యానం పుస్తకమొకటి కొన్నాడు. నేర్పేవారు హైదరాబాదులో ఉన్నారట. ఇక్కడ పుస్తకమే గురువు.

‘ముక్కుకొన వద్ద శ్వాసను గమనించుము’ అన్న గ్రంథవాక్యాన్ని శిరసావహించి, వాకిట్లో గోనెపట్టా మీద పద్మాసనం బిగించి, నేత్రద్వయాన్ని ముక్కుకొనకు ఎక్కుపెట్టాడు. లోకం రెండుగా కనిపించింది. కళ్లు మూసి శ్వాసకు ఆజ్ఞలిచ్చాడు: “లోపలికి మార్చ్. బయటికి మార్చ్.” ఆజ్ఞాబద్ధమైన ఊపిరి ఎగశ్వాసై ప్రాణం మీదికి తెచ్చింది.

పిండి జల్లిస్తున్న కమ్లి, “ఊపిరిక్కూడ డ్రిల్లేనా?” అంది.

ఆజ్ఞలు మానగానే శత్రుసేనలు కదిలాయి. ఎడమకాలు తిమ్మిరెక్కి స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. చిత్తాశ్వం కళ్లెం తెంచుకుని కల్లంలోని మిర్చి దాకా పరిగెత్తింది. ఒక ఈగ నాసికాశిఖరాన్ని అధిరోహించింది. మాస్టారు మనసులోనే, “ఓరి రెక్కల రాక్షసా, వందలమంది పిల్లలను ఎండలో కదలనీయక నిలిపిన ఈ బాహుబలం నీకు వెరచినదని తలచకుము. కదలరాదని గ్రంథాజ్ఞ. బ్రతికిపొమ్ము,” అని క్షమాభిక్ష ప్రసాదించాడు. ఈగ ఆ క్షమను లక్ష్యపెట్టక చెవిలోకి దిగింది.

అంతలో పరపరమని చప్పుడు. కళ్లు తెరిస్తే, పక్కింటి మోతీలాల్ మేక గురుగ్రంథాన్ని నములుతోంది. కోపనిగ్రహాధ్యాయం సగం దాని నోట్లో ఉంది.

నాభిమూలం నుంచి గర్జన లేచింది. వాకిట్లో జల్లెడ ఆగింది. ఆ క్షణాన, పిలవకనే ఒక శ్వాస వచ్చింది. చల్లగా లోపలికి వెళ్లింది, ఆయనకు తెలిసింది. వెచ్చగా బయటికి వెళ్లింది, అదీ తెలిసింది. దాని వెనక నిలబడ్డ గర్జన దారి తప్పింది.

“పో మేకా, పో,” అన్నాడు మెల్లగా.

కమ్లి జల్లెడ వదిలి పరుగున వచ్చి నుదుటి మీద చెయ్యి వేసింది. “ఏందయ్యా, గొంతు పోయిందా? దవాఖానకు పోదమా?”

“ఏం లేదే. ఊపిరి చూసిన.”

“ఎన్ని?”

“ఒకటి.”

ఆ ప్రకారంగా, శత్రువొక్కడూ కూలని, రాజ్యమేదీ దక్కని, గురువు సగం మేక కడుపున కలిసిన ఆ ఘోరసమరంలో, హీరాలాల్ మాస్టారు ఆద్యంత సహితంగా ఒక శ్వాసను గెలుచుకున్నాడని, రెండవ దానికి కాలి తిమ్మిరి తగ్గాక దండెత్తగలడని దశదిశలకూ తెలియజేయడమైనది.