స్థానికులు కావలెను

పియర్‌ట్రీ బాటమ్ పేటను ఇకమీదట పేట ప్రజలే పునర్నిర్మించుకుంటారని డిప్యూటీ మేయర్ రాండల్ థిగ్‌పెన్ గారు ప్రకటించారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్లు చెమర్చాయి. ఒక ఫొటోగ్రాఫర్‌కు ఆ ఫొటో అందకపోతే, పాపం, అతని కోసం మళ్లీ చెమర్చాయి.

ముందు వరసలో ఉన్న వెర్డెల్ పెటిగ్రూకు ప్రాణం లేచొచ్చింది. ఆమె చిన్నతనంలో వాళ్లమ్మ ఆ పేటలో చేపల వేపుడు అంగడి నడిపేది. నల్లవాళ్ల పేట నగరం నడుమ ఉంటే చూడ్డానికి బాగోదని అప్పటి పెద్దలకు తోచింది. దానికి పట్టణ నవీకరణ అని పేరుపెట్టి ఇళ్లూ చర్చీ అంగడీ కూలగొట్టి, పైన స్తంభాల మీద హైవే వేసి, కింద పార్కింగ్ పెట్టారు. అమ్మ పొయ్యి ఉన్నచోట ఇప్పుడు ఎవరి కారో నిలబడుతోంది. అక్కడే మళ్లీ బాణలి పెట్టాలి. ఈ వయసులో వెర్డెల్‌కు ఉన్న కోరిక అదొక్కటే.

"బాబూ, మా చోటు మాకిచ్చేస్తారా?" అని అడిగింది.

"మేమివ్వడమేంటమ్మా, మీరే ఇచ్చుకుంటారు! కమిటీ మీది, నిర్ణయం మీది. మేం ఉత్త చప్పట్లు కొట్టేవాళ్లం."

"అయితే నన్ను కమిటీలో వేసుకో."

"తప్పకుండా! మీరుండేది పేటలోనేగా?"

"పేటని మీరు కూలగొడితిరి కదయ్యా! ఊరి చివర ఉంటున్నాను."

థిగ్‌పెన్ గారు విలవిల్లాడిపోయారు. "అయ్యయ్యో! బయటివాళ్ల పెత్తనం ఉండకూడదనే కదమ్మా, రాత్రి పేటలో పడుకునేవాళ్లకే కమిటీ అని రూలు పెట్టింది!"

స్థానికుల కోసం అధికారులు పేటంతా గాలించారు. ఆఖరికి ఒకాయన దొరికాడు. పార్కింగ్ పక్కన కొత్తగా లేచిన అద్దాల మేడలో కిందటి నెలే దిగిన ట్రెవర్. వద్దు మొర్రో అంటున్నా వినకుండా ఆయన్ను పేట పెద్దను చేశారు. మీ జాతి ఆకాంక్ష ఏమిటని అడిగితే, తన కుక్క పరిగెత్తడానికి కాస్త పచ్చిక ఉంటే బాగుంటుందన్నాడు. ప్రజల గుండె చప్పుడు విన్నామని థిగ్‌పెన్ గారు ఆ సాయంత్రమే పత్రికలకు చెప్పారు.

వెర్డెల్‌కు ఒళ్లు మండిపోయింది. తిన్నగా మంగలి క్లీవన్ దగ్గరికెళ్లింది.

"ఒరే క్లీవన్, నీ కారు కదుల్తుందా?"

"తోస్తే కదుల్తుందక్కా. ఎక్కడికీ?"

"కాపరానికి."

పార్కింగ్‌లో చోటు నెలవారీ అద్దెకిస్తారు. కారులో పడుకోకూడదని అక్కడెక్కడా రాసిలేదు. వారం తిరక్కుండా పాత పేటవాళ్లంతా డొక్కు కార్లు తోసుకుంటూ వచ్చి దిగిపోయారు. క్లీవన్ స్తంభానికి అద్దం తగిలించి కత్తెర పట్టాడు. ముసలాళ్లు డామినో బిళ్లలు పరిచి, ఒకరినొకరు దొంగలని తిట్టుకుంటూ హాయిగా ఆడుకున్నారు. వాన వచ్చినా ఎవరూ తడవలేదు, పైన హైవే ఉంది. ఇన్నేళ్లలో అది వాళ్లకు చేసిన మొదటి ఉపకారం. అమ్మ పొయ్యి ఉన్నచోటే వెర్డెల్ గ్యాస్ పొయ్యి పెట్టి జెల్లచేపలు వేయించింది. ఆ వాసనకు ట్రెవర్ మేడ దిగొచ్చి, రెండు ముక్కలు తిని, పెద్దరికం అక్కడికక్కడే వదిలేసుకున్నాడు. కమిటీకి ఓటింగ్ పెడితే వెర్డెల్ అధ్యక్షురాలైంది.

థిగ్‌పెన్ గారు పూలగుత్తితో పరుగున వచ్చారు. ఆయన వెనక ఇంజనీర్లు, వాళ్ల వెనక ఫొటోగ్రాఫర్లు. ఆయన పార్కింగ్ అంతా కలియతిరిగి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారు.

"అధ్యక్షురాలు గారూ! ఇంతమంది కాపరం ఉంటున్నారు, కుళాయి లేదు, మరుగుదొడ్డి లేదు. ఇది మురికివాడని ఇంజనీర్లు తేల్చారు. వెంటనే నవీకరించాలి."

"అంటే కూలగొడతారా? మళ్లీనా?"

"మళ్లీ అంటారేంటమ్మా!" థిగ్‌పెన్ గారు నిజంగానే నొచ్చుకున్నారు. "అప్పుడు మిమ్మల్ని అడక్కుండా కూలగొట్టారు. ఆ చారిత్రక అన్యాయం ఇక జరగనివ్వను. ఈసారి కూల్చివేతకు నాయకత్వం మీదే!"

అని, ఆమె పేరు చెక్కించిన బంగారు రంగు హెల్మెట్ రెండు చేతులా అందించారు. చప్పట్లు మోగాయి.

"ఏం చేద్దామక్కా?" అని క్లీవన్ గొణిగాడు.

వెర్డెల్ హెల్మెట్‌ను తిరగేసి చూసింది. వేలితో కొట్టి చూసింది. లోపలి పట్టీలు పీకేసి, సీసాలో నీళ్లతో రెండుసార్లు కడిగింది. అందులో మొక్కజొన్న పిండి పోసి, ఉప్పూ కారం చల్లి, చేప ముక్కలు వేసి పొర్లించింది.

"కాస్త అవతలికి జరుగు బాబూ," అంది థిగ్‌పెన్ గారితో. "నూనె కాగింది, మీద చిందుతుంది."