గుండె ఫొటోకు కాలి మెట్టెలు

ఆ రోజు అనుకున్న పని చాలా చిన్నది. పొద్దున్నే శామీర్‌పేట నుంచి జీపులో పట్నం పోవడం, బాలమణి అవ్వ గుండెకు ఎం.ఆర్.ఐ. తీయించడం, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావడం. అవ్వ గుండెకు అందాల్సిన కరెంటు మధ్యలో ఎక్కడో ఆగుతోందట. అక్కడ వాపు ఉంటే మాత్రలతో పోతుందని, లేకపోతే ఛాతీలో గుండెను కొట్టించే మిషన్ పెట్టాలని, మిషన్ పెట్టాక ఇక ఈ ఫొటో తీయడం కష్టమని డాక్టరు చెప్పాడు. ఈ తారీఖు దొరకడానికే నెల పట్టింది.

"ఒంటి మీద లోహం ఉండొద్దట. నేను జీపు తెచ్చేలోపు అన్నీ తీపియ్యి," అని కూతురు భవితకు పురమాయించి అవ్వ కొడుకు ప్రతాప్ మేడ్చల్ పోయాడు. అవ్వ పెనిమిటి జంగయ్య తాత పాలక్యాను పట్టుకుని పాలకేంద్రానికి వెళ్లాడు. భవిత సబ్బు నురగ పెట్టి అవ్వ మెట్టెలు, కడియాలు లాగింది. గాజులు తీసింది. పుస్తెలతాడు దగ్గర అవ్వ చాలాసేపు తగవుపడి, చివరికి దాని బదులు పసుపుకొమ్ము కట్టిన దారం మెడలో వేసుకుని జాకెట్ లోపలికి దోపుకుంది.

మజ్జిగ కోసం వచ్చిన పక్కింటి నర్సమ్మ, బొట్టు కూడా ఇంకా పెట్టుకోకుండా అరుగు మీద కూర్చున్న అవ్వను చూసింది. బోసి మెడ. బోసి కాళ్లు. చేతిలో గిన్నె జారిపోయింది.

"అయ్యో అక్కా! బావ గింత పని జేసిపాయెనా!"

భవితకు నలుగురిలో నోరు పెగలదు. "గట్ల కాదు చిన్నవ్వా..." అని గొంతు సవరించుకునే లోపే వాడకట్టు ఆడవాళ్లంతా అవ్వ మీద పడి ఏడుస్తున్నారు. అవ్వ అయోమయంగా వాళ్లను చూసింది. తన కాళ్లను చూసుకుంది. తర్వాత మనవరాలిని చూసింది.

"ఫొటో అని అబద్ధం జెప్పి మెట్టెలు తీపిచ్చినవా పిల్లా! నా మొగడు పోయిన ముచ్చట నాకే దాస్తరా?" అని ఘొల్లుమంది.

డప్పులు వచ్చాయి. జీపు దిగిన ప్రతాప్ జనాన్ని చూసి, పోయింది తల్లే అనుకుని వాకిట్లోనే కూలబడ్డాడు. ఆ వెనకే ఖాళీ క్యానుతో తాత వచ్చాడు.

"ఎవలు సచ్చిండ్రు బాలేష్?"

"జంగయ్య తాత," అన్నాడు మంట దగ్గర డప్పు కాపుకుంటున్న బాలేష్, తలెత్తకుండా. "మనిషి మంచోడే. జర నోరే పెద్దది."

"నా నోరు పెద్దదారా!" అని తాత క్యాను ఎత్తాక గాని బాలేష్ పరుగు అందుకోలేదు.

ఇప్పుడు తిట్లన్నీ భవిత మీదికి మళ్లాయి. "ఒక్క మాట జెప్పద్దా పిల్లా?" అంది నర్సమ్మ.

"చెప్పనిస్తిరా మీరు? ఇగ జరుగుండ్రి! అవ్వ వంతు పోతది!"

భవిత అరవగలదని ఊరికి అప్పుడే తెలిసింది. జనం జరిగి దారి ఇచ్చారు. జీపు ఆఖరి నిమిషంలో ఆసుపత్రికి చేరింది.

"నగలు ఇంటికాడ ఎందుకు తీసిండ్రమ్మా?" అంది ఆసుపత్రి నర్సు. "లోపలికి పొయ్యే ముందు గీ అల్మారల వెట్టి తాళమేస్తం గద."

ప్రతాప్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఫొటోలో వాపే కనిపించింది. మాత్రలు చాలన్నారు, ఆరు నెలలకు మళ్లీ ఫొటో అన్నారు. ఆ రెండోసారి మెట్టెలు ఆసుపత్రిలోనే తీశారు. అయినా ఆ పొద్దున తాతను అరుగు మీద కూర్చోబెట్టి, వాడకట్టంతా ఆయన్ను చూశాకే అవ్వ జీపెక్కింది.