టోకెన్ లేనిదే స్నానం లేదు

ఖరగ్‌పూర్ నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో క్రమశిక్షణ గల కుటుంబం ఒకటే ఉందని, అది తనదేనని సెక్షన్ కంట్రోలర్ అచ్యుతరావు గారు 1987లో ప్రకటించారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ప్రకటన భోజనాల దగ్గర జరిగింది. నోట్లో ముద్ద ఉండగా మాట్లాడడం ఆ ఇంట నిషేధం.

ప్రకటనకు కారణం ఉంది. కొడుకు శంకరనారాయణకు పదిహేడేళ్లు. తెల్లారితే సుభాష్‌పల్లిలో లెక్కల ట్యూషను, ఆపైన ఫుట్‌బాలు, ఆపైన టైపు. కూతురు గౌరికి పదిహేను. ఖోఖో, ఎన్‌సిసి, హిందీ పరీక్షలు. ఇద్దరూ ఇంట్లో ఒకచోట నిలబడగా చూసినవారు లేరు. స్నానాలగది మాత్రం ఒక్కటే. దాని ముందు రోజూ జరిగే కుమ్ములాట చూసి అచ్యుతరావు గారు చలించిపోయారు. రోజుకు నలభై రైళ్లు ఢీకొనకుండా నడిపే మనిషి ఇద్దరు పిల్లల్ని నడపలేకపోవడమా!

వెంటనే స్నానాలగదిని సింగిల్ లైనుగా గుర్తించారు. రాకా పోకా ఒకే పట్టాల మీద సాగే సింగిల్ లైనులో డ్రైవరు చేతికి టోకెన్ అందితేగాని బండి కదలదు. ఆ టోకెన్ అవతలి స్టేషనులో ఒప్పజెప్పేదాకా మరో బండి ఆ లైను మీదికి రాదు. ఇంట్లో టోకెన్‌గా ఒక ఖాళీ జర్దా డబ్బా నియమితమైంది. తలుపు పక్క గూట్లోంచి తీసుకుని వెళ్లాలి, వచ్చాక గూట్లో పెట్టాలి. ఆరు వారాలు వ్యవస్థ అద్భుతంగా సాగింది. ఆ వ్యవధిలో శంకరనారాయణ కొన్నిసార్లు స్నానం కూడా చేశాడు.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున్న ఏడింటికి గౌరికి జిల్లా ఖోఖో జట్టు సెలక్షను. మూడేళ్లుగా ఆ పిల్ల దానికోసమే పరుగెత్తుతోంది. ఆరింటికి తువ్వాలుతో వచ్చేసరికి గూడు ఖాళీ. అన్నగారు స్నానం ముగించి, డబ్బాను జేబులో వేసుకుని ట్యూషనుకు వెళ్లిపోయాడు.

స్నానాలగది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల బకెట్టు నిండా నీళ్లు, దండెం మీద గౌరి ఆటబట్టలు. తల్లీ తండ్రీ కూతురూ బయట నిలబడి వాటిని చూశారు.

“నాన్నా, లోపల ఎవులూ లేరు కదా! నానెల్లిపోనా?” అంది గౌరి.

“ఖాళీగా కనిపిస్తే లైన్ క్లియర్ అయిపోతాదేటి? అలా కళ్లను నమ్మే ఎన్ని బళ్లు గుద్దుకున్నాయో నీకేటి తెలుసు! టోకెన్ రావాల. ఠీక్ హై?” అన్నారు అచ్యుతరావు గారు. అప్పటికే ఆయనకూ లోపల పని పడింది. ఒక కాలి మీంచి మరో కాలి మీదికి మారుతున్నారు. అయినా నిబంధన సడలించలేదు. ఇలాంటి త్యాగాలను చరిత్ర గుర్తించదు.

గడియారం ఆరున్నర కొట్టింది.

“పిల్ల మూడేళ్ల కష్టం డబ్బా పాల్సేస్తారేటండీ?” అంటూ ఇల్లాలు హైమవతి గారు కూతురి రెక్క పట్టుకుని లోపలికి తోసి, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. “నువ్వెల్లవే. ఎదురొచ్చే బండేదో నన్ను గుద్దనీ.”

గౌరి ఏడింటికి రెండు నిమిషాల ముందు మైదానం చేరింది.

ఎనిమిదింటికి విచారణ మొదలైంది. టోకెన్ ఎత్తుకుపోయిన శంకరనారాయణను, చదువు ధ్యాసలో ఉన్న కుర్రాడని మన్నించారు. టోకెన్ లేకుండా బండిని వదిలినందుకు హైమవతి గారిని వంటింటి విధులనుంచి సస్పెండ్ చేశారు.

“ఎన్నాళ్లండీ?” అని అడిగారావిడ.

“విచారణ పూర్తయ్యేదాకా.”

“అయితే బేగి పూర్తి సేసియ్యకండి,” అని చెప్పి, వసారాలో చాప పరుచుకుని, పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో మొదటిసారి పట్టపగలు పడుకున్నారు.

పదింటికి గౌరి ఎంపికై వచ్చింది. ఇంటి క్రమశిక్షణే ఇందుకు కారణమని తండ్రిగారు ఉపన్యసించారు. ఆకలి వల్ల ఉపన్యాసం సగంలో ఆగింది. పదిన్నరకు సస్పెన్షన్ రద్దయింది.

ఆవిడను నిద్రలేపి ఉత్తర్వు చదివి వినిపించారు. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అవి ఆనందబాష్పాలని నమోదైంది.

మీరు నవ్వుతున్నారు. మీ ఇంట్లో ఇలాంటి పిచ్చి నిబంధనలు లేవు. నిజమే. మీ ఆవిడకు ఆ సస్పెన్షన్ కూడా లేదు.