మూడింటికి టీవీ ఆపెయ్యి, వదినా!

శనివారం పొద్దున సముద్రపు గాలికి ఇల్లులాంటి మోటర్‌హోమ్ బండి పక్కన వేసిన పందిరి గుడ్డ టపటప కొట్టుకుంటుంటే, విల్ఫ్ ముర్గట్రాయిడ్ రెండో కోడిగుడ్డు పెంకు తీస్తూ ఆనాటి కార్యక్రమం ప్రకటించాడు. "టీ అయ్యాక యాంటెన్నా సరిచేస్తాను. భోజనమయ్యాక కుర్చీలు వేస్తాను. మూడింటికి రోవీనా!"

రోవీనా అతని మనవరాలు, పదహారేళ్ళది. వాళ్ళ ఊరు కౌల్‌షా ఇత్తడి బ్యాండుకి దేశం మొత్తానికి జరిగే పోటీలో చోటు దక్కడమే గొప్ప. అందులో ఒక్కతే లేచి నిలబడి కార్నెట్ అనే చిన్న ఇత్తడి బూర ఊదే భాగం ఈ పిల్లకొచ్చింది. హాలు టిక్కెట్లు తల్లిదండ్రులతోనే సరిపోయాయి. తాతకు మిగిలింది టీవీలో ప్రత్యక్ష ప్రసారం. ఆ సంగతి అతను క్యాంపు మైదానంలో స్నానాల గదుల ముందు వరసలో నిలబడిన ప్రతి ఒక్కరికీ చెప్పాడు. వాళ్ళు తువ్వాళ్ళు భుజాన వేసుకుని తప్పకుండా వస్తామన్నారు.

విల్ఫ్‌కి రెండు గర్వాలు. ఒకటి మనవరాలు. రెండోది, పుట్టి బుద్ధెరిగాక ఒక్క నిబంధన మీరలేదన్నది. వాళ్ళ దేశంలో టీవీ చూడాలంటే ఏటా ఇంటికొక లైసెన్సు కొనాలి, లేకపోతే జరిమానా. పోయినేడు ఇదే మోటర్‌హోమ్ వేసుకుని ఫ్రాన్సు వెళ్ళినప్పుడు, పరాయి నేల మీద మన టీవీ లైసెన్సు చెల్లుతుందో చెల్లదో తేలక, ఉన్నన్నాళ్ళూ టీవీకి దుప్పటి కప్పి ఉంచాడు. భార్య ఎనిడ్ ఆ దుప్పటి వంక చూస్తూ ఒక స్వెట్టరు పూర్తిగా అల్లేసింది.

గుడ్డు సగంలో ఉండగా అతని నోరు ఆగిపోయింది. "ఎనిడ్! ఇంట్లో మీ అక్క హిల్డా ఉందిగా."

"ఉంది. పిల్లికి అన్నం పెడుతోంది. అయితే?"

"మూడింటికి ఆవిడ ఇంట్లో టీవీ పెడుతుంది. మనం ఇక్కడ పెడతాం. లైసెన్సు ఒక్కటి, టీవీలు రెండు! ఒకేసారి!"

"ఇంకా నయం, పిల్లి రేడియో వింటోందనలేదు. గుడ్డు తిను."

తినలేదు. అప్పటికి సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోకీ రాలేదు. మైదానం గేటు దగ్గరి టెలిఫోను గదికి పరుగులాంటి నడకతో వెళ్ళాడు.

"వదినా, మూడింటికి టీవీ ఆపెయ్యి."

"అదేంటి మరిదీ! పిల్ల ఊదేది మూడింటికేగా? పొద్దుట్నుంచీ జుట్టు దువ్వుకుని కూచున్నా."

"పక్కింటికెళ్ళి చూడు. మన ఇంట్లో మాత్రం వద్దు. లైసెన్సువాళ్ళు వ్యాన్లో తిరుగుతుంటారు, పట్టుకుంటే పరువు పోతుంది."

"ఇవాళ తిరుగుతున్నారా?"

"ఎప్పుడు తిరుగుతారో చెప్పొస్తారా వదినా! ఆపెయ్యి, అంతే."

ఫోను పెట్టేసి, ధర్మం నిలబెట్టినవాడి ఠీవితో తిరిగొచ్చాడు. మధ్యాహ్నానికి పందిరి కింద పన్నెండు కుర్చీలు, మూడు కుక్కలు, ఎవరో తెచ్చిన జీడిపప్పు కేకు చేరాయి. యాంటెన్నా తిప్పితే బొమ్మ అద్దంలా వచ్చింది. అయినా మనసు ఊరుకోలేదు. వదిన ఆపిందో లేదో కనుక్కుందామని మళ్ళీ టెలిఫోను గదికి వెళ్ళాడు. వెనకాల క్యాంపు కాపలాదారు టుల్లక్ వచ్చి వరసలో నిలబడ్డాడు.

"ఆపావా వదినా?"

"ఆపడమా! మన ఇల్లొక్కటేనా? వీధి వీధంతా ఆపించేశాను!" అంది హిల్డా, ఊపిరి ఆడనంత గర్వంగా. "పక్కింటి ఆగ్డెన్‌ ఇంట్లో లైసెన్సు చచ్చిపోయిన మావగారి పేరునే ఉందట. వాళ్ళకి చెమటలు పట్టాయి. వాళ్ళు మాంసంకొట్టు ఆయనకి చెప్పారు, ఆయన కొట్టుకొచ్చిన అందరికీ చెప్పాడు. విల్ఫ్ అంతటి మనిషి సముద్రం ఒడ్డునుంచి ఫోను చేసి మరీ చెప్పాడంటే వ్యాను వచ్చేస్తున్నట్టేగా! ఊళ్ళో ఒక్క టీవీ వెలిగితే ఒట్టు!"

విల్ఫ్ గోడకి చేరబడ్డాడు. పిల్లని పాలుతాగే రోజుల్నుంచీ ఎత్తుకు తిరిగిన ఊరు, బూర నేర్చుకుంటుంటే నాలుగేళ్ళు చెవులు మూసుకుని ఓర్చుకున్న ఊరు, ఆ పిల్ల దేశం ముందు నిలబడే రోజున చీకటి టీవీ ముందు కూర్చుంటుందా? తన మాట మీద!

"వదినా, వ్యానూ లేదు, ఏమీ లేదు. అందరికీ..." అనేలోపే "తలుపెవరో కొడుతున్నారు, లైసెన్సువాళ్ళే అయ్యుంటారు!" అని హిల్డా ఫోను పెట్టేసింది.

టుల్లక్ గొంతు సవరించుకున్నాడు. "పెద్దాయనా, విన్నందుకు ఏమనుకోకండి. మీ బండి రోడ్డు మీద తిరిగేదేగా? దానికి ఇంటి లైసెన్సు చాలు. అక్కడా చూడొచ్చు, ఇక్కడా చూడొచ్చు, ఒకే నిమిషంలో చూడొచ్చు. మీరు చెప్పేది కదలకుండా ఒకేచోట పాతుకున్న క్యారవాన్ ఇళ్ళ సంగతి."

"ఖాయమేనా?"

"పదేళ్ళుగా అడిగినవాళ్ళందరికీ ఇదే చెబుతున్నా. ఎవరూ ముందుగా అడగరు, అదే చిక్కు."

ఇంకెవరైనా అయితే రిసీవరు వదిలేవాళ్ళు కాదు. విల్ఫ్ మాత్రం తన వంతు అయిపోయింది గనక బయటికొచ్చి, టుల్లక్ వెనక చేరిన ఇద్దరు ఆడవాళ్ళ వెనక మళ్ళీ నిలబడ్డాడు. ముందున్నావిడ తన కోడలికి జామ్ కాచడం మొదట్నుంచీ చెప్పుకొచ్చింది. అవతల పందిరి కింద చప్పట్లు వినిపించాయి. కార్యక్రమం మొదలైంది. ఎనిడ్ చెయ్యి ఊపి పిలిచింది. విల్ఫ్ వరసను చూపించాడు.

వంతు రాగానే ఇంటికి చేశాడు, ఎవరూ ఎత్తలేదు. ఆగ్డెన్‌ వాళ్ళకి చేశాడు, ఎత్తలేదు. చివరికి ఊరి పబ్బుకి చేశాడు. ఎత్తింది యజమాని సెప్టిమస్.

"సెప్టిమస్! అందరికీ చెప్పు, టీవీలు పెట్టుకోమను, తప్పంతా నాది..."

"అరవకు విల్ఫ్! పిల్ల ఇప్పుడే లేచి నిలబడింది."

"నీకెలా తెలుసు?"

"నా పబ్బుకి లైసెన్సు నా పేరున ఉంది కదా. టీవీ ఇంకెక్కడా వెలగడం లేదని ఊరంతా ఇక్కడే దిగింది. కిటికీల మీద కూచున్నారు. ఎవరింట్లో వాళ్ళుంటే ఇంత సందడి ఉండేదా! భలే ఎత్తు వేశావయ్యా. నోరు మూసుకుని విను." అతను రిసీవరు టీవీ వైపు పట్టుకున్నాడు.

గాజు గదిలో విల్ఫ్ టోపీ తీశాడు. తీగ అవతల కార్నెట్ నెమ్మదిగా లేచింది. చిన్నప్పుడు పిల్లకి ఎప్పుడూ జారిపోయే పై స్వరం దగ్గరికి వచ్చింది. ఆగింది. పట్టుకుంది. నిలబెట్టింది. ఊరు ఊపిరి బిగబట్టిన నిశ్శబ్దం కూడా అతనికి వినబడింది.

ఎనిడ్ పరుగున వచ్చి తలుపు లాగింది. "మన బండిలో పిల్ల నిండుగా కనిపిస్తుంటే ఇక్కడేం చేస్తున్నావయ్యా! పరాయివాళ్ళంతా చూస్తున్నారు, నువ్వు తప్ప!"

అతను చెయ్యెత్తి ఆపి, రిసీవరు కొంచెం పక్కకి తిప్పాడు. ఆవిడ వంగి చెవి ఆనించింది.

పాట ముగిసి పబ్బు పైకప్పు లేచిపోయేంత కేక పుట్టింది. అందులో హిల్డా గొంతు అన్నిటికన్నా పైన ఉంది: "మా మరిది ఆలోచనే ఇదంతా!" విల్ఫ్ ఆ మాట సరిదిద్దే ప్రయత్నం చెయ్యలేదు.

టీవీ పాటను టెలిఫోనులో వింటే లైసెన్సు అక్కర్లేదనే అతని నమ్మకం. అయినా సోమవారం ఒకసారి కనుక్కుందామనుకున్నాడు.