పది బొమ్మల ఎలుగుబంటి

ఆ రోజు పొద్దున సైన్సు టీచరమ్మకు రెండే పనులు. ఒకటి, ఎనిమిదో తరగతి పిల్ల చెప్పబోయే ఎలుగుబంటి ప్రసంగానికి పది బొమ్మలు బడి కంప్యూటరుకు పంపడం. రెండోది, వారం రోజులుగా ఫోనుతో దొంగచాటుగా తీసిన మరో పది బొమ్మలు అత్తగారికి పంపడం. "మావాడు ఇంట్లో క్షణం ఖాళీగా కూర్చోడమ్మాయ్" అని అత్తగారు అన్నప్పుడల్లా టీచరమ్మకు ఒళ్లు మండేది. మాటలతో గెలవలేనని తేలిపోయాక సాక్ష్యాలు పోగుచేసింది. పొయ్యి మీద పాలు పొంగుతుంటే, ఒక్క చేత్తో రెండు పనులూ చకచకా కానిచ్చేసింది. ఏది ఎటు వెళ్లిందో చూసుకునే తీరిక ఎవరికుంది?

ఈ బొమ్మల ప్రసంగం టీచరమ్మ కొత్తగా పెట్టింది. తెర మీద పది బొమ్మలు. ఒక్కోటి ఇరవై సెకన్లుండి దానంతటదే మారిపోతుంది. చేతిలో కాగితం ఉండకూడదు. హెడ్ మేడమ్‌కి ఇది బొత్తిగా నచ్చలేదు.

"ఒక పిల్లతో చెప్పించండి చూద్దాం. మధ్యలో ఆగిందా, సోమవారం నుంచి మళ్లీ కాగితం చూసి చదవడమే" అని తేల్చేసింది.

టీచరమ్మ ఏరికోరి నిలబెట్టిన పిల్లను తరగతిలో అందరూ మూగనోము అంటారు. రెండు నెలలు బతిమాలితే నోరు విప్పింది. మళ్లీ కాగితం చేతికిస్తే దాని వెనకే దాక్కుంటుందని టీచరమ్మ భయం. "ఏం జరిగినా ఆగకు తల్లీ. బొమ్మ నీకోసం ఆగదు" అని పదేపదే చెప్పి పంపింది.

హాల్లో ముందు వరసలో హెడ్ మేడమ్, పక్కనే మెడలో ఈలతో డ్రిల్లు మాస్టారు. టీచరమ్మ భర్త ఆయనే. "చురుగ్గా, చురుగ్గా" అంటూ పిల్లల్ని మైదానం చుట్టూ పరిగెత్తించడంలో ఆయన పెట్టింది పేరు.

టీచరమ్మ మీట నొక్కిందో లేదో, ఫోనులో అత్తగారి సందేశం వచ్చింది. "ఎలుగుబంట్లను పంపావేంటమ్మాయ్? మావాణ్ణే అంటున్నావా?"

తలెత్తేసరికి తెర నిండా డ్రిల్లు మాస్టారు. తెరిచిన ఫ్రిజ్ ముందు, బనీనుతో, రెండు బుగ్గలూ నింపుకుని ఉన్నాడు.

పిల్ల బిగుసుకుపోయి టీచరమ్మ వైపు చూసింది. కంప్యూటరు ఆపేస్తే మొగుడి పరువు దక్కుతుంది, పిల్ల నోరు పోతుంది. టీచరమ్మ ఒక్క క్షణం కళ్లు మూసుకుని, కానీమన్నట్టు తల ఊపింది.

"చలికాలం వస్తోందంటే ఎలుగుబంటి దొరికిందల్లా తింటుంది" అంది పిల్ల.

బొమ్మ మారింది. సోఫాలో వెల్లకిలా మాస్టారు.

"తర్వాత మెత్తటి చోటు చూసుకుని పడుకుంటుంది. గుండె నిమిషానికి పదిసార్లే కొట్టుకుంటుంది. పోయిందేమో అని కంగారు పడొద్దు."

ఈసారి నిద్రలోనూ గుప్పిట్లో రిమోటు. అది ఆ పిల్ల బట్టీపట్టిన పాఠంలో లేదు. "పడుకున్నా తన సొత్తు ఎవరికీ ఇవ్వదు" అంది తడుముకోకుండా. మాస్టారి పొట్ట మీద ఆయన కూతురు చెక్కముక్కలు పేరుస్తున్న బొమ్మ వచ్చింది. "పిల్లల పెంపకంతో మగ ఎలుగుబంటికి సంబంధం లేదు."

హాలు గొల్లుమంది. మాస్టారు ఈల నోట్లో పెట్టుకున్నాడు కానీ ఊదడానికి ఊపిరి అందలేదు. పిల్ల మాత్రం పదో బొమ్మ దాకా వదల్లేదు. "ఆకలేస్తే తనే లేస్తుంది. అందాకా మనం లేపకపోవడమే మంచిది" అని ముగించి, చెమట తుడుచుకుని, "టీచర్, నాకు ఇంకో జంతువు ఇస్తారా?" అని అడిగింది. టీచరమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

హెడ్ మేడమ్ గడియారం చూసుకుంటూ లేచింది. "మొదట్లో నాలుగు సెకన్లు ఆగింది. అప్పుడు నేనూ ఊపిరి బిగబట్టాను కాబట్టి వదిలేస్తున్నా. ఈ హాల్లో ప్రసంగమంటే అందరూ నిద్రపోవడమే ఇరవై ఏళ్లుగా చూస్తున్నా. ఇవాళ నిద్రపోయింది ఒక్కరే, అదీ తెర మీద. ఇక ప్రతి శుక్రవారం ఇదే పద్ధతి. వచ్చేవారం డ్రిల్లు మాస్టారు చెప్తారు. బొమ్మలు ఆయనిష్టం."

"పదికి పది బొమ్మలూ నీవే" అన్నాడు మాస్టారు ఇంటికి రాగానే, ఫోను కెమెరా తెరిచి. "నీ బండారమంతా బయటపెడతా చూడు."

టీచరమ్మ వారమంతా హడలిపోతూనే ఇంటి పనులన్నీ చేసుకుంది. శుక్రవారం తెర మీద ఆమె బొమ్మలు రెండే వచ్చాయి. మిగతా ఎనిమిదీ తీయాల్సిన వేళకు ఆయన నిద్రపోతున్నాడు.